గడప దాటని జబ్బుకు శాలువా

రెండువేల ఐదులో కోయిలకుంట్లలో ఒక ఆడమనిషికి ఇంటికొచ్చి మరీ సన్మానం చేశారు. ఆమె చేసిన ఘనకార్యం ఏమిటంటే, మూడేళ్ళుగా ఇంట్లోంచి బయటికి రాకపోవడం.

ఆమె పేరు స్వర్ణలత. అప్పటికి ముప్పై మూడేళ్ళు. భర్త మునిరత్నానికి బజారులో కిరాణా అంగడి. సన్మానం చేసినవాళ్ళు 'సద్గృహిణీ సత్కార సమితి' అని పేరు పెట్టుకున్న నలుగురైదుగురు వ్యాపారస్తులు. దాని అధ్యక్షుడు రాఘవేంద్రప్రసాద్, నూనెమిల్లు ఆసామి. మామూలుగా ఇటువంటివి కల్యాణమంటపంలో చేస్తారు. ఈమె మంటపానికి రాదు కాబట్టి వాళ్ళే మైకుసెట్టుతో సహా ఇంటికి దిగారు. నడవలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, పట్టుశాలువా కప్పి, ఇత్తడి పళ్ళెంలో టెంకాయ పెట్టి ఇచ్చారు.

"ఈ కాలంలో ఆడోళ్ళు సంచి భుజానికేసుకోని బజార్లు పట్టి తిరుగుతాండారు. ఈ తల్లిని సూడండప్పా! గడప దాటని మహాలక్ష్మి. కూరగాయలు గూడ వాకిట్లోకే తెప్పించుకుంటాది!" అని రాఘవేంద్రప్రసాద్ మైకులో అరిచాడు.

నడవలో మాట్లాడడానికి మైకు ఎందుకు? వీధిలో ఉన్న ఆడవాళ్ళకు వినపడాలని.

స్వర్ణలత తల వంచుకుని కూర్చుంది. చూసినవాళ్ళు దాన్ని అణకువ అనుకున్నారు. నడవ నిండా జనం, తలుపు వైపు దారి మూసుకుపోయింది. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటోంది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఇంకొక్క నిమిషంలో ఈ కుర్చీలోనే ప్రాణం పోతుందని ఆమె అనుకుంటోంది. శాలువా కింద రవిక చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఫోటోలు తీసేవాడు "నవ్వమ్మా" అన్నాడు. నవ్వింది. కాఫీలు తాగి, మిక్చరు తిని, చేతులు తుడుచుకుని అందరూ వెళ్ళిపోయారు. 

ఒక మనిషికున్న జబ్బుకు పూలదండ వేయడం నేను నా జీవితంలో చూసిన పనుల్లోకెల్లా రోతైన పని. కాలు విరిగినవాణ్ణి పట్టుకుని "ఎంత స్థిరమైనవాడు, కదలనే కదలడు" అని పొగుడుతామా?

స్వర్ణలతది కడప. నాయనకు అక్కడ బట్టల అంగడి. పెళ్ళికి ముందు ఆ అంగట్లో కూర్చుని చీరల మడతలు విప్పి చూపేది. బేరమాడడానికి వచ్చినవాళ్ళతో బేరమాడి గెలిచేది. చెల్లెలు శ్రీదేవిని వెంటేసుకుని మాట్నీకి పోయేది. కోయిలకుంట్లకు కోడలై వచ్చాక కూడా, మొగుడు సరుకుల కోసం నంద్యాల పోయిన రోజుల్లో గల్లాపెట్టె ముందర కూర్చున్నది ఆమే. ఇంటి నుంచి అంగడి దాకా దారి పొడుగునా ఎవరో ఒకరిని పలకరిస్తూ పోయే మనిషి.

రెండువేల ఒకటిలో పుట్టింటివాళ్ళతో కలిసి ఒంటిమిట్ట బ్రహ్మోత్సవాలకు పోయింది. గుడి ముందర వరుసలో నిలబడి ఉంది. ముందూ వెనకా జనం. ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. ఊపిరి అందలేదు. కాళ్ళు తనవి కానట్టు అయిపోయాయి.

"శ్రీదేవీ, నేను సచ్చిపోతాండానే," అని చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

పక్కకు తీసుకుపోయి నీళ్ళు తాపి విసనకర్రతో విసిరారు. కాసేపటికి తగ్గింది. ఎండ దెబ్బ అన్నారు. సరే అనుకుంది. కానీ కోయిలకుంట్లకు తిరిగి వస్తుంటే మైదుకూరు దాటాక బస్సులో మళ్ళీ అదే వచ్చింది. ఆళ్ళగడ్డలో బస్సు దిగిపోయి, ఎనిమిదేళ్ళ కూతురు శ్రీవిద్య చెయ్యి పట్టుకుని బస్టాండులో కూర్చుండిపోయింది. మునిరత్నం వచ్చి తీసుకుపోయాడు. కొన్నాళ్ళకు అంగట్లో, గల్లా ముందర, ఎవరికో చిల్లర ఇస్తుండగా వచ్చింది.

నంద్యాలలో గుండె డాక్టరు పరీక్షలన్నీ చేసి, "గుండె బాగుందమ్మా, ఏమీ లేదు," అన్నాడు. గుండె బాగుందని చెప్పినందుకు ఆయనకు దండం. ఆ రెండో మాటే కొంప ముంచింది. ఏమీ లేకపోతే మనిషికి చావు కళ్ళ ముందు ఎందుకు కనబడుతుంది?

"డాక్టరే ఏమీ లేదన్న్యాడు. అంతా నాటకం. అంగట్లో కూసోనీకె ఒళ్ళు వంగల్యా," అంది అత్త సుబ్బలక్ష్మమ్మ.

ఊళ్ళో ఆర్‌ఎంపీ కంబన్న వచ్చి బలానికి సూది వేశాడు. సూదికి లొంగకపోతే నిద్రమాత్రలు మొదలుపెట్టి, అవి లేకుండా కన్ను మూతపడని స్థితికి తెచ్చాడు. గాలి సోకిందని ఒకాయన వేపమండలతో కొట్టాడు. కొట్టేటప్పుడు కూడా ఆమె దిక్కులు చూసింది, తలుపు ఎటువైపుందా అని.

ఎక్కడ దడ వచ్చిందో అక్కడికి పోకుంటే సరిపోతుందని ఆమె అనుకుంది. అందుకని ముందు బస్సు మానింది. తర్వాత గుడి. తర్వాత అంగడి. తర్వాత వీధి. చివరికి వాకిట్లో ముగ్గు వేయడం కూడా పనిమనిషికి అప్పజెప్పింది. పంటి నొప్పితో దవడ ఉబ్బినా లవంగాలు నమిలింది కానీ పంటి డాక్టరు దగ్గరికి పోలేదు. పోవడానికి ఇష్టం లేక కాదు, పోలేక. ఈ తేడా ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు.

ఒకసారి దగ్గరి బంధువుల పెళ్ళికి స్వర్ణలత రాలేదని చుట్టాలు గుచ్చి గుచ్చి అడిగారు. కోడలికి ఏదో ఉందంటే పరువు పోతుందని సుబ్బలక్ష్మమ్మ అప్పటికప్పుడు ఒక మాట అల్లింది.

"మా కోడలు గడప దాటదు తల్లీ. ఆయమ్మ పద్ధతే అంత."

"అబ్బ! పెట్టి పుట్టినావు సుబ్బక్కా. మా ఇంట్లో ఉండాది సూడు ఒగిత్తె, పొద్దుగూకులూ కాళ్ళకు చక్రాలే," అన్నారు వాళ్ళు.

అంతే. నిన్నటిదాకా నాటకం అన్న నోటితోనే సుబ్బలక్ష్మమ్మ దాన్ని పద్ధతి అనడం మొదలుపెట్టింది. పదిమంది నోళ్ళలో పడి ఆ పద్ధతి కాస్తా పాతివ్రత్యం అయి కూర్చుంది. అక్కడి నుంచి శాలువా ఎంత దూరం?

ఆ శాలువా ఒక్క ఇంటితో ఆగలేదు. ఎదురింటి నాగలక్ష్మమ్మ మా పొదుపు సంఘంలో సభ్యురాలు. సన్మానం జరిగిన మర్నాటి నుంచి ఆమె మొగుడు ఆమెను మీటింగుకు పంపలేదు. "ఎదురింటి ఆయమ్మను సూసి బుద్ధి తెచ్చుకో. ఆమెకు లేని మీటింగులు నీకెందుకే?" అన్నాడట. ఆ వీధిలో ఇంకో రెండిళ్ళలో ఇదే పాట. ఒకామెకు వచ్చిన జబ్బును మందులాగా మిగతా ఆడవాళ్ళ నోట్లో పోశారు. నాగలక్ష్మమ్మ స్వర్ణలతను తిట్టుకుంది కూడా. "మహా తల్లి! ఈమె ఇంట్లో కూసున్న పుణ్యానికి మా కాళ్ళు కట్టేసినారు," అని నాతోనే అంది.

రెండువేల ఆరులో ఒక మధ్యాహ్నం శ్రీవిద్య బడిలో ఖోఖో ఆడుతూ పడిపోయింది. ఎనిమిదో తరగతి. బడి ప్యూను లేవి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అమ్మా, పాప పడింది. చెయ్యి ఇరిగినట్లుండాది. అమ్మా అమ్మా అని ఒకటే ఏడుస్తాంది, రాండమ్మా!"

మునిరత్నం ఊళ్ళో లేడు. సుబ్బలక్ష్మమ్మ కూతురింటికి పోయింది. స్వర్ణలత చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. గడప దాకా. అక్కడ కాళ్ళు ఆగిపోయాయి. వీధి గిర్రున తిరిగింది. ద్వారబంధం పట్టుకుని అలాగే జారి కూర్చుంది. ఒళ్ళంతా వణుకు, చెమట. "పోవల్ల... నేను పోవల్ల..." అంటోంది కానీ లేవలేకపోతోంది. ప్యూను లేవి భయపడి ఎదురింటికి కేకేశాడు. నాగలక్ష్మమ్మ వచ్చింది. ఆ ముఖం చూసింది. ఆ రోజు ఆమెకు అర్థమైంది, ఇది గొప్పతనమూ కాదు, పొగరూ కాదని. వెంటనే తనే బడికి పరిగెత్తి పిల్లను ఆసుపత్రికి తీసుకుపోయింది.

సాయంత్రం శ్రీవిద్య చేతికి కట్టుతో ఇంటికి వచ్చింది. తల్లి దగ్గరికి తీసుకోబోతే వెనక్కి జరిగింది.

"అందరి అమ్మలూ వస్తారు. నువ్వు గొప్పదానివంట గదా. అందుకే రాలేదా?"

పదమూడేళ్ళ పిల్ల అడిగిన మాట అది. స్వర్ణలత కూతురి ముందర నేల మీద కూర్చుంది.

"గొప్పదాన్ని కాదు పాపా. నాకు శాతకాల్యా. వాకిలి దాటితే సచ్చిపోతాననిపిస్తాది. ఇన్నేండ్లూ ఎవురికీ చెప్పల్యా."

మళ్ళీ బిడ్డ పిలిస్తే పోగలగాలి. ఆ రోజు నుంచి ఆమెకు కావలసింది అదొక్కటే. మోక్షం అడగలేదు, స్వేచ్ఛ అడగలేదు. బడి దాకా పోయే కాళ్ళు అడిగింది.

చెల్లెలు శ్రీదేవి అప్పటికి కర్నూలు పక్కన కల్లూరులో కాపురం ఉంటూ ఒక చిన్న బడిలో టీచరు. అక్క ఫోనులో ఏడ్చి చెప్పింది విని, మర్నాడే షేర్ ఆటో ఎక్కి కర్నూలు పెద్దాసుపత్రికి పోయింది. మానసిక వైద్యం చూసే లేడీ డాక్టరుకు ఒంటిమిట్ట దగ్గర నుంచి అంతా చెప్పింది. ఆమె విని, ఇది చాలామందికి వచ్చే జబ్బే, దీనికి వైద్యం ఉంది అంది. "ప్యానిక్ డిజార్డర్ అనిపిస్తోంది. దాని వల్ల బయటికి పోవాలంటేనే భయం పట్టుకుంది. చూడకుండా మందు ఇవ్వను. ఎట్లాగైనా తీసుకురండి. దారిలో దడ వస్తుంది, తప్పకుండా వస్తుంది. వస్తే బండి పక్కకు ఆపి కూర్చోండి. వెనక్కి మాత్రం తిప్పొద్దు."

శ్రీదేవి ఆ మాట మోసుకుని కోయిలకుంట్ల వచ్చింది. మునిరత్నం అంతెత్తున లేచాడు.

"పిచ్చి డాక్టరు దగ్గరికా? మొన్ననే గదా ఊరంతా పిలిచి శాలువా కప్పిన్యారు. ఇప్పుడు పిచ్చిదంటే రేపు పాపను ఎవడు సేసుకుంటాడు?"

"బావా, శాలువా కప్పినోళ్ళెవరైనా పాపను ఎత్తుకోని ఆసుపత్రికి ఉరికినారా? ఎదురింటామె ఉరికింది," అంది శ్రీదేవి.

"నువ్వు టీచరువి, నీకు మాటలొస్తాయి."

"మాటలు కాదు బావా, నాకు వ్యాను గావల్ల. తెస్తావా, నేనే పిలిపించుకోనా?"

మునిరత్నం చెడ్డవాడేమీ కాదు. పెళ్ళాం బాధపడుతుంటే పక్కన కూర్చుని విసిరినవాడే. కానీ ఊరంటే భయం. ఆమెకు వీధి అంటే భయం, ఆయనకు వీధిలో మనుషులంటే. మొదటి భయాన్నే మనం జబ్బంటాం. చివరికి ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. వ్యాను ముందు వాకిలికి రాకూడదు, వెనక సందులోకి రావాలి. అడిగినవాళ్ళకు మంత్రాలయం మొక్కు అని చెప్పాలి. సొంత పెళ్ళాన్ని ఆసుపత్రికి తీసుకుపోవడానికి దొంగసరుకు తరలించినట్టు తరలించాడు. దేవుడి దగ్గరికైతే గడప దాటవచ్చు, డాక్టరు దగ్గరికైతే దాటకూడదు. థూ!

బనగానపల్లె దాటాక దడ వచ్చింది. "తిప్పండి, నాకొద్దు, తిప్పండి," అని స్వర్ణలత తలుపు గుద్దింది. డ్రైవరు బ్రేకు వేశాడు. మునిరత్నం ముఖం పాలిపోయింది, "తిప్పప్పా, తిప్పు," అన్నాడు. శ్రీదేవి డ్రైవరు భుజం పట్టుకుంది.

"ఆపు. తిప్పొద్దు."

రోడ్డు పక్కన నాపరాళ్ళ కుప్పల దగ్గర ఆపారు. స్వర్ణలత దిగి ఒక రాయి మీద కూర్చుంది. చెల్లెలు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. చావవు అని వాదించలేదు. మెల్లగా ఊపిరి వదలమంది, అంతే. దడ పెరిగింది, ఇంకా పెరిగింది, ఇక పెరగడానికి చోటు లేనట్టు కొట్టుకుంది. ఆ తర్వాత మెల్లగా దిగింది. ఇంటికి పోలేదు, మాత్ర మింగలేదు. అయినా దిగింది. లారీలు పోతున్నాయి, ఎండ ఉంది, తను బతికే ఉంది.

"శ్రీదేవీ, దానంతటదే పోయిందే!" అంది ఆశ్చర్యంగా.

ఐదేళ్ళలో ఎవరూ ఆమెను ఆ మాట తెలుసుకునేదాకా కూర్చోనివ్వలేదు.

డాక్టరు ముందు థైరాయిడ్‌కూ, రక్తానికీ పరీక్షలు చేయించి, గుండె కాగితాలు చూసి, తర్వాత స్వర్ణలతతోనే మాట్లాడింది, మొగుడితో కాదు.

"మీ ఇంటి ముందర కుక్క ఉందనుకోండి. దొంగ లేకపోయినా మొరుగుతోంది. మీరు ప్రతిసారీ లోపలికి పరిగెత్తి తలుపేసుకుంటే కుక్క ఏమనుకుంటుంది? దొంగ నిజంగానే వచ్చాడనుకుంటుంది. రేపు ఇంకా గట్టిగా మొరుగుతుంది. మందు ఆ కుక్కను కొంచెం శాంతపరుస్తుంది. మిగతాది మీరు చెయ్యాలి. అది మొరుగుతున్నా బయట నిలబడాలి."

"అంటే నేను పిచ్చిదాన్ని కాదామ్మా?"

"కాదు. జబ్బు చేసిన మనిషి."

మందు వెంటనే పని చేయదనీ, కొన్ని వారాలు పడుతుందనీ, మొదట్లో కాస్త కంగారు ఎక్కువ కావచ్చనీ, అది చూసి మానొద్దనీ చెప్పింది. కంబన్న అలవాటు చేసిన నిద్రమాత్రలు ఒక్కసారిగా ఆపకుండా కొద్దికొద్దిగా తగ్గించింది.

ఇంటికొచ్చాక అసలు పని మొదలైంది. ముందు అరుగు మీద నిలబడడం. దడ వస్తే లోపలికి పరిగెత్తకుండా, అది దిగేదాకా అక్కడే ఉండడం. తర్వాత ఎదురింటి దాకా. తోడు నాగలక్ష్మమ్మ. ఒకప్పుడు తిట్టుకున్న మనిషి ఇప్పుడు రోజూ వాకిట్లోకి వచ్చి, "రాక్కా, మా మహాలక్ష్మిని వాకింగుకు తోలుకపోతా," అని నవ్వించేది. మొదట పక్కన నడిచింది, తర్వాత కాస్త వెనకాల, తర్వాత రాకుండా తన అరుగు మీదే కూర్చుని చూసింది. కొన్ని రోజులు స్వర్ణలత వీధి మలుపు నుంచే ఏడుస్తూ తిరిగి వచ్చేసింది. ఒక వారమంతా గది దాటలేదు. మునిరత్నం "నేను ముందే చెప్పిన్యా," అన్నాడు. మళ్ళీ మొదలుపెట్టింది. నెలల మీద అంగడి దాకా వచ్చింది. బడి దాకా వచ్చింది. శ్రీవిద్య బడి గేటు దగ్గర తల్లిని చూసి, స్నేహితురాళ్ళ ముందర సిగ్గుపడి, "ఎందుకొచ్చినావు, టిఫిన్ బాక్స్ మర్చిపోలేదు గదా," అని విసుక్కుంది. ఆ విసుగు విని స్వర్ణలత దారంతా నవ్వుకుంటూ ఇంటికి వచ్చింది.

ఇప్పటికీ అంతా బాగైపోయిందని నేను అబద్ధం చెప్పను. కిక్కిరిసిన బస్సు ఆమెకు ఇప్పటికీ కష్టమే. మందు డాక్టరు చెప్పినట్టు వాడుతోంది. కానీ బిడ్డ పిలిస్తే పోగలదు.

మరి ఊరు సంతోషించిందా? సుబ్బలక్ష్మమ్మ ముఖం మాడ్చుకుంది. "ఎంత మర్యాదగల కోడలు! యా డాక్టరు మందు పెట్టిందో, ఇప్పుడు సంత గొడ్డు మాదిరి తిరుగుతాంది," అని చుట్టాల దగ్గర వాపోయింది. వీధిలో మగవాళ్ళు గుసగుసలాడారు. జబ్బుగా ఉన్నప్పుడు దేవత. బాగుపడితే తిరుగుబోతు. ఇంతకంటే నీచమైన లెక్క ఎక్కడైనా ఉందా?

ఈ ఏడాది మొదట్లో, రెండువేల ఎనిమిదిలో, రాఘవేంద్రప్రసాద్ స్వయంగా అంగడికి వచ్చాడు. గల్లా ముందర స్వర్ణలత కూర్చుని ఉంది. అంగట్లో నేనూ ఉన్నాను, చింతపండు తూకం వేయించుకుంటూ.

"ఏమమ్మా, శానా తిరుగుతాండావంటనే. మేము అంత గౌరవం సేస్తిమి. సమితికి ఏం పేరొస్తాది?"

"అన్నా, మీరు గౌరవం సేసింది నాకు కాదు, నా జబ్బుకు. దానికి మందు తింటాండా. తగ్గిపోయింది, ఏం సేద్దాము?"

"జబ్బేంది జబ్బు? ఎవురైనా ఇంటే నవ్విపోతారు."

స్వర్ణలత చింతపండు పొట్లం కట్టి నా చేతికిచ్చింది. తర్వాత ఆయన భార్య గురించి నెమ్మదిగా అడిగింది.

"రాజ్యలక్ష్మమ్మ ఒదిన ఎట్లుండాదన్నా? ఆయమ్మను బయట సూసి శానా ఏండ్లాయ."

"ఆమెకేం, మహారాణి. ఇంట్లో సల్లగ ఉండాది."

"సల్లగ ఉండాదా, బయటికి రాలేక ఉండాదా? ఎప్పుడన్నా అడిగినావా?"

మైకు పట్టుకుంటే ఆగని మనిషి.  ఏమీ కొనకుండా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మా సంఘంవాళ్ళం రెండుసార్లు రాఘవేంద్రప్రసాద్ ఇంటికి పోయాం, స్వర్ణలతతో సహా. రెండుసార్లూ గేటు దగ్గరే "అమ్మ పూజలో ఉండాది," అని పంపించేశారు. రాజ్యలక్ష్మమ్మ పోనివ్వక లోపల ఉందో, పోలేక ఉందో, ఉండాలనే ఉందో మాకు తెలియదు. ఆ భర్తకు కూడా తెలియదు. అడిగితే కదా తెలిసేది!

చదివినవాళ్ళను అడుగుతున్నా. మీ వీధిలో బయట కనపడని ఆడమనిషి ఒకరైనా ఉంటారు. మగవాళ్ళకూ వస్తుంది ఈ జబ్బు, వాళ్ళను ఇంటిపట్టున ఉండే బుద్ధిమంతుడు అంటారు. పోయి కలవండి. అత్త ముందరా, మొగుడి ముందరా కాదు, ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. "పోనివ్వరు" అంటే మహిళా సంఘానికి చెప్పండి. "పోలేను, దడ వస్తుంది, సచ్చిపోతాననిపిస్తుంది" అంటే ముందు గుండె పరీక్ష చేయించి, అది బాగుందన్నాక 'ఏమీ లేదు' అనే మాటతో ఇంటికి తెచ్చేయకుండా మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోండి. కర్నూలైనా, కడపైనా ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ విభాగం ఎక్కడని అడగండి. ఆమె కదలలేకపోతే మొదట మీరు పోయి చెప్పి రండి. దారిలో దడ వస్తే పక్కన కూర్చోండి. సూదులకూ, వేపమండలకూ అప్పజెప్పొద్దు. నిద్రమాత్రలు మీ అంతట మీరు కొనివ్వొద్దు.

ఇంకొకటి. ఉగాది వస్తోంది. సమితి మళ్ళీ ఒక సద్గృహిణి కోసం ఇళ్ళు వెతుకుతోంది. ఈసారి ఏ ఇంటి పేరు వినిపిస్తే ఆ ఇంటికి వాళ్ళకంటే ముందు మీరు పోండి.